నెట్టు పోయిందా, నాన్న పలకట్లేదా?

అమ్మానాన్నల్ని ఊళ్ళో ఉంచి దేశం బయట బతుకుతున్న మనబోటి వాళ్ళందరికీ బాగా అలవాటైన మాట ఒకటుంది: "నెట్ పోయిందిరా!" వినడానికి రెండే ముక్కలు గానీ, నాకు తెలిసి దీనికి కనీసం అరడజను అర్థాలున్నాయి. ఫోన్లో వైఫై గుర్తు మీద వేలు తగిలి ఆగిపోయినా నెట్ పోయినట్టే. కరెంటు పోయినా పోయినట్టే. కేబుల్ అబ్బాయికి ఈ నెల డబ్బులు అందకపోయినా, వీధి స్తంభం మీద కోతులు తీగ పట్టుకుని వేళ్ళాడినా, సముద్రం అడుగున ఏ ఓడ లంగరో తగిలి కేబుల్ తెగినా పోయినట్టే. రోగం ఏదైనా పేషెంటు "ఒంట్లో బాలేదు" అన్నట్టు, అవతలివాళ్ళు మనకి చెప్పే మాట మాత్రం అదొక్కటే.

ఆ మాత్రం చెప్పినా నయమే. అసలు చిక్కు ఎక్కడంటే, నెట్ నిజంగా పోయినప్పుడు ఆ సంగతి మనకి చెప్పడానికి కూడా నెట్టే కావాలి! అప్పుడు మనకి వినబడేది వట్టి నిశ్శబ్దం.

నేను సింగపూర్ వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. నాన్న తణుకు దగ్గర మా ఊళ్ళో ఒక్కరే ఉంటారు. అమ్మ పోయి నాలుగేళ్ళయింది. ఇక్కడికి రమ్మంటే వచ్చి రెండు నెలలుంటారు, ఆ తర్వాత మా పదకొండో అంతస్తు కిటికీలోంచి కిందికి చూసి "ఇక్కడ వీధరుగులుండవేంట్రా" అంటారు. అంటే టికెట్ బుక్ చెయ్యమని అర్థం. అందుకని రోజూ అక్కడ సాయంత్రం ఐదున్నరకి, ఇక్కడ రాత్రి ఎనిమిదికి, వీడియో కాల్. "మామూలు ఫోన్ చేసుకోవచ్చుగా" అంటారేమో. మాది పాతకాలం పెంకుటిల్లు, మూరెడు మందం గోడలు. మొబైల్ సిగ్నల్ వీధి వరండాలో తప్ప ఎక్కడా ఉండదు. లోపల కూర్చుంటే ఫోన్‌కి వైఫై ఒక్కటే ఆధారం. అది పోతే "మీరు డయల్ చేసిన నంబరు ప్రస్తుతం అందుబాటులో లేదు" అని ఓ ఆడగొంతు ఎంతో మర్యాదగా చెప్తుంది. పోయింది వైఫై మాత్రమేనా, ఇంకేమైనా జరిగిందా అన్నది ఆవిడ చెప్పదు.

తీగ పలక్కపోవడం వేరు, మనిషి పలక్కపోవడం వేరు. రెండు వేల మైళ్ళ దూరం నుంచి రెండూ ఒకేలా వినబడతాయి. ఈ రెంటినీ విడదీసి చెప్పేపాటి నెట్‌వర్క్ పరిజ్ఞానం ప్రవాసంలో ఉన్న ప్రతి కొడుకూ కూతురూ నేర్చుకోవచ్చని, అది అనుకున్నంత బ్రహ్మవిద్యేం కాదని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ముందు ఓ మాట. నేను సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటునే గానీ నెట్‌వర్క్ ఇంజినీరుని కాను. ఇంట్లో ఈ విద్య వచ్చినవాళ్ళు నాన్న. నమ్మకపోతే వినండి.

ఆయన ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైల్వే మెయిల్ సర్వీసులో, సార్టరుగా పనిచేశారు. బెజవాడలో వై డివిజను. 1974లో చేరారు. అప్పటికి పిన్ కోడ్ పుట్టి రెండేళ్ళే (1972 ఆగస్టు 15న మొదలుపెట్టారు). కదిలే రైల్లో గళ్ళబీరువా ముందు నిలబడి ఒక్కో ఉత్తరం ఒక్కో గడిలోకి విసరడం ఆయన పని. ఓసారి సెలవుల్లో ఐపీ అడ్రస్ అంటే ఏమిటో ఆయనకి వివరిద్దామని కాగితం, పెన్సిలు పట్టుకు కూర్చున్నాను. రూటర్ అనేది అడ్రస్ మొత్తం చూడదు, మొదటి కొన్ని అంకెలు చూసి ఎటు పంపాలో తేలుస్తుంది అన్నానో లేదో, నాన్న నవ్వారు.

"ఇందులో కొత్తేముందిరా? ఢిల్లీలో సార్టరుకి మొదటి అంకె ఐదు కనబడితే చాలు, దక్షిణాదికి వెళ్ళే బ్యాగులో పడేస్తాడు. వాడికి మన ఊరు ఎక్కడుందో తెలియక్కర్లేదు. బెజవాడ వచ్చాక 534 అని చూసి మేము పశ్చిమగోదావరి గడిలో వేస్తాం. ఆఖరి మూడంకెలూ చూసేది ఇంకా కిందవాళ్ళు. దగ్గరికొచ్చే కొద్దీ ఎక్కువంకెలు చూడాలి, అంతే."

చెప్పొద్దూ, రూటింగ్ గురించి ఇంతకన్నా బాగా చెప్పిన పుస్తకం నేను చూళ్ళేదు. ప్రపంచంలో ఏ రూటరుకీ మొత్తం దారి తెలియదు. "ఇలా మొదలయ్యే అడ్రస్‌లు అటు పంపాలి" అని రాసుకున్న పట్టిక ఒకటుంటుంది, దాన్నిబట్టి తర్వాతి మజిలీకి తోసేస్తుంది. అలా పది పదిహేను మజిలీల్లో మా నాన్న మాట నా దాకా వస్తుంది.

మాట అంటే మొత్తంగా కాదు, ముక్కలుగా. వీడియో కాల్లో గొంతుని సాధారణంగా సెకనుకి ఓ యాభై ముక్కలు చేసి, ఒక్కోదాన్ని ఓ కవర్లో పెట్టి, పైన అడ్రస్ రాసి పంపుతారు. వీటినే ప్యాకెట్లంటారు. ఈ కవర్లు పంపడానికి రెండు పద్ధతులు. ఒకటి టీసీపీ. ఇది ఎకనాలెడ్జ్‌మెంట్ కార్డు జతచేసిన రిజిస్టరు పోస్టు లాంటిది. "అందింది" అని సంతకం తిరిగొచ్చేదాకా ఊరుకోదు, రాకపోతే మళ్ళీ పంపుతుంది. బ్యాంకు లావాదేవీలు, మెయిళ్ళు అన్నీ ఇలాగే. రెండోది యూడీపీ, మామూలు పోస్టుకార్డు. వేశామా, వెళ్ళిందా, దేవుడి దయ. వీడియో కాల్స్‌కి ఎక్కువగా వాడేది ఇదే. ఎందుకంటే "బావున్నావా"లో "బా" పోతే దాన్ని వెతికి తెచ్చేసరికి మాట ముందుకెళ్ళిపోతుంది కదా! అందుకే లైను సరిగా లేని రోజున నాన్న సగం సగం వినబడతారు తప్ప ఆలస్యంగా వినబడరు. (ఈ ఉపమానం చెప్పినప్పుడు నాన్న కాస్త బాధపడ్డారు. 2025లో తపాలా శాఖ రిజిస్టరు పోస్టుని స్పీడ్ పోస్టులో కలిపేసింది మరి. "టీసీపీ అన్నా మిగిలిందిలే" అన్నారు.)

సరే, ఇప్పుడు డబ్బాల సంగతికి వద్దాం.

మా ఊళ్ళో నాన్న గదిలో టీవీ పక్కన తెల్లడబ్బా ఒకటుంది. స్తంభం మీంచి వచ్చిన సన్నటి నల్ల తీగ దాంట్లోకి దూరుతుంది. ఆ తీగ లోపల ఉండేది రాగి కాదు, వెంట్రుకంత గాజు. అందులో నడిచేది కరెంటు కాదు, వెలుగు. ఆ వెలుగుని కరెంటు భాషలోకి, కరెంటుని వెలుగు భాషలోకి మార్చే దుబాసీ ఈ తెల్లడబ్బా. దీన్ని ఓఎన్‌టీ అంటారు. సింగపూర్లో మా ఫ్లాట్లోనూ ఇలాంటిదే ఉంది. 2010 నుంచి ఇక్కడ దేశమంతా ఇంటింటికీ ఫైబర్ వేశారు. రెండు ఇళ్ళ డబ్బాలూ అన్నదమ్ముల్లా ఉంటాయి. తేడా అల్లా ఇక్కడి తీగ గోడలో బుద్ధిగా దాక్కుని ఉంటుంది, అక్కడిది చింతచెట్టు కొమ్మ మీంచి వేళ్ళాడుతుంది.

ఆ తీగ వీధి చివరికెళ్ళి ఓ చిన్న పెట్టెలో కలుస్తుంది. దాని పేరు స్ప్లిటర్. కరెంటు అక్కర్లేదు, వట్టి గాజు పనితనం. ఒక్క పోగులో వచ్చిన వెలుగుని ముప్ఫై రెండు ఇళ్ళ దాకా పంచుతుంది. అంటే కాలవ నీళ్ళు ఒకటే, బోదెలు వేరన్నమాట. అవతల చివర కేబుల్ ఆపరేటరు గదిలో ఇన్ని ఇళ్ళనీ అదుపులో పెట్టే పెద్దపెట్టె ఓఎల్‌టీ ఉంటుంది. ఊళ్ళో కరెంటున్నా ఆ గదిలో లేకపోతే మన నెట్ గోవిందా!

తెల్లడబ్బా మీద దీపాలుంటాయి. వీటిని చదవడం వస్తే సగం వైద్యం వచ్చినట్టే. పవర్ దీపం వెలగకపోతే కరెంటో, అడాప్టరో. పాన్ అనే దీపం నిలకడగా పచ్చగా ఉంటే అవతల పెద్దపెట్టెతో మాట కలిసినట్టు. లాస్ అనే దీపం ఎర్రగా కొట్టుకుంటుంటే వెలుగు ఇంటిదాకా రావట్లేదని, తీగ బయటెక్కడో తెగిందనో నలిగిందనో అర్థం. నాన్నకి ఇది ఒక్కసారి చెప్తే చాలింది. ఇప్పుడు ఎర్రదీపం వస్తే వరండాలోకొచ్చి ఫోన్ చేసి "బండి ఔటర్లో ఆగిందిరా" అంటారు. అంతే, ఇంకేం అడగక్కర్లేదు.

రెండో డబ్బా రూటరు (చాలా ఇళ్ళల్లో రెండూ ఒకే డబ్బాలో ఉంటాయి). నిజానికి ఇది ఒక్క పని కాదు, మూడు నాలుగు పనులు చేసే ఇంటి పెద్దకోడలు. వైఫై ఇచ్చేదీ ఇదే, ఇంట్లో ఫోన్లకీ టీవీకీ అడ్రస్‌లు పంచేదీ ఇదే. ఆర్.ఎం.ఎస్. రెస్ట్‌హౌస్‌కి వెళ్తే ఆ రాత్రికి ఓ మంచం నంబరిచ్చినట్టు, రూటరు ప్రతి ఫోనుకీ 192.168 అని మొదలయ్యే ఓ నంబరు కొన్ని గంటలకి ఇస్తుంది. రేపొచ్చేసరికి ఇంకో నంబరు పడొచ్చు. అది పోయినా మారని గుర్తు ఇంకోటుంది, మ్యాక్ అడ్రస్. పదో తరగతి సర్టిఫికెట్లో రాసే పుట్టుమచ్చల్లాంటిదన్నమాట. అద్దె ఇల్లు మారినా పుట్టుమచ్చ మారదు కదా. (ఈమధ్య ఫోన్లు ఒక్కో వైఫైకి ఒక్కో దొంగ పుట్టుమచ్చ పెట్టుకుంటున్నాయి, అది వేరే కథ.)

రూటరు వెనక నాలుగు కన్నాలుంటాయి చూశారా, అది స్విచ్చి. స్విచ్చి గొప్పతనం తెలియాలంటే దానికి ముందున్న హబ్ గురించి చెప్పాలి. హబ్ అంటే ఊళ్ళో దండోరా వేసేవాడు. ఒక కన్నంలో వచ్చిన కబురు మిగతా అన్ని కన్నాల్లోకీ అరిచి చెప్తాడు, ఎవరిదైతే వాళ్ళు తీసుకోవాలి. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే గందరగోళం. స్విచ్చి అలా కాదు, ఊరి పోస్టుమాన్. ఏ పుట్టుమచ్చవాడు ఏ కన్నం వైపున్నాడో వచ్చే కవర్లు చూస్తూనే నేర్చుకుంటాడు, ఎవరి ఉత్తరం వాళ్ళ గుమ్మంలోనే వేస్తాడు. అన్నట్టు, 1990లో మొట్టమొదటి ఈథర్‌నెట్ స్విచ్చిని అమ్మకానికి తెచ్చిన కాలిఫోర్నియా కంపెనీ పేరేమిటో తెలుసా? కల్పన! స్థాపించినవాళ్ళలో ఒకరైన వినోద్ భరద్వాజ్ తన భార్య పేరు పెట్టుకున్నారు. 1994లో సిస్కో దాన్ని కొనేసింది. మా ఆవిడకి ఈ సంగతి చెప్తే "చూశారా" అని ఊరుకుంది. ఆ "చూశారా"కి అర్థం పెళ్ళైన వాళ్ళందరికీ తెలుసు.

నేనొచ్చిన కొత్తలో సింగపూర్లో ఈ సరుకంతా సిమ్ లిమ్ స్క్వేర్లో కొనుక్కునేవాళ్ళం. అరచేతిలో పట్టే స్విచ్చి, మీటర్ల లెక్కన కేబుల్, చివరన ప్లగ్గు నొక్కడానికి క్రింపింగ్ కత్తెర. కేబుల్ లోపల ఎనిమిది రంగు తీగలు, రెండేసి చొప్పున జడ అల్లినట్టు మెలేసి ఉంటాయి. అలా మెలెయ్యడం అందానికి కాదు, పక్క తీగ గోల తగ్గడానికి. వంద మీటర్లు దాటితే ఆ రాగి కేబుల్ పనిచెయ్యదు, మధ్యలో ఇంకో స్విచ్చి పెట్టాలి. ఆ పాత కేబుల్లో మిగిలిన ముక్కే మా ఊళ్ళో పనికొచ్చింది. టీవీ గదిలోని వైఫై మూరెడు గోడా, దానికానించిన ఇనప బీరువా దాటి పడగ్గదికి చేరేది కాదు. తీగ లాగి, అక్కడ ఇంకో చిన్న వైఫై డబ్బా పెట్టాను. గోడలకి వైఫై భయపడుతుంది గానీ తీగ భయపడదు.

ఇంక అడ్రస్‌ల చిక్కు ఒకటి చెప్పాలి, ఎందుకంటే నా కథంతా దాని మీదే ఆధారపడింది. పాత పద్ధతి ఐపీ అడ్రస్‌లు మొత్తం 429 కోట్లే. మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి అడ్రస్‌లు పంచే సంస్థ దగ్గర మామూలుగా పంచే నిల్వ 2011 ఏప్రిల్‌లోనే అయిపోయింది. అందుకని ఇంట్లో పది వస్తువులున్నా బయటికి ఒకటే అడ్రస్ కనబడేలా చేస్తుంది రూటరు. దీన్ని నాట్ అంటారు. "అంటే కేరాఫ్ అడ్రస్" అన్నారు నాన్న. సరిగ్గా అదే. అడ్రస్‌లు ఇంకా చాలక, చాలామంది ఆపరేటర్లు వందల ఇళ్ళని కలిపి ఒక్క అడ్రస్ వెనక పెడుతున్నారు. అది కేరాఫ్‌కి కేరాఫ్. లోపలివాళ్ళు బయటికి ఉత్తరం రాస్తే జవాబు వస్తుంది. కానీ బయటివాడు ముందుగా రాస్తే, ఆ ఉత్తరం ఏ ఇంటిదో ఎవరికీ తెలియదు. (కొత్త పద్ధతి ఐపీవీ6 లో ఈ కరువు లేదు గానీ, మా ఊరి ఆపరేటరు దాకా అది ఇంకా రాలేదు.)

ఇక మిగిలింది సముద్రం. నెట్ పోతే మా ఆఫీసులో ఎవరో ఒకరు "సముద్రంలో కేబుల్ తెగిందేమో" అంటారు, గంభీరంగా ఉంటుంది కదా. మన నెట్ వచ్చేది ఉపగ్రహాల మీంచి అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. దేశాల మధ్య దాదాపు అంతా నడిచేది సముద్రం అడుగున పడుకున్న తీగల్లోనే. లోతు నీళ్ళలో ఆ కేబుల్ మన తోటలో నీళ్ళు పెట్టే గొట్టమంత లావు, అంతే. సింగపూర్‌కి అలాంటివి పాతిక దాకా వచ్చి చాంగీ, టువాస్ లాంటి చోట్ల ఒడ్డెక్కుతాయి. 2002లో చెన్నై నుంచి సింగపూర్‌కి వేసిన ఐటూఐ కేబుల్ పొడవు 3200 కిలోమీటర్లు. గాజులో వెలుగు సెకనుకి రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, చెన్నై చేరడానికి 16 మిల్లీసెకన్లు, పోయిరావడానికి 32. రెప్పపాటులో మూడోవంతు కూడా కాదు.

చిత్రమేమిటంటే ఇదేమీ కొత్త దారి కాదు. 1870-71లోనే మద్రాసు నుంచి పెనాంగ్ మీదుగా సింగపూర్‌కి టెలిగ్రాఫ్ కేబుల్ వేశారు. నూటముప్ఫై ఏళ్ళ తర్వాత ఫైబర్ కూడా ఆ సముద్రమే దాటింది. ఇంకా చిత్రం, ఆనాటి సముద్ర కేబుళ్ళలో చాలావాటికి నీళ్ళు తగలకుండా పూసిన పదార్థం గట్టాపర్చా ఈ ప్రాంతపు అడవుల్లోదే. మలయా వాళ్ళు కత్తి పిడులకి వాడుకునే ఆ చెట్టుపాల నమూనాల్ని 1843లో ఇక్కడినుంచి లండన్ పంపించిన వాళ్ళలో సింగపూర్లో పనిచేసిన సర్జన్ విలియం మాంట్‌గోమరీ ఒకరు. 1851లో ఇంగ్లండు ఫ్రాన్సుల మధ్య వేసిన కేబుల్‌కి అదే తొడుగు. ఆ పాల కోసం చెట్లని నిలువునా నరికేవారు. ప్రపంచాన్ని కలిపిన మొదటి తీగ కోసం ఇక్కడి అడవులెన్నో ఖాళీ అయ్యాయి.

సముద్ర కేబుళ్ళు తెగవా అంటే తెగుతాయి. ప్రపంచం మొత్తం మీద ఏడాదికి నూటయాభై నుంచి రెండొందల సార్లు, ఎక్కువగా చేపల వలల వల్ల, లంగర్ల వల్ల. 2006 డిసెంబరు 26న తైవాన్ దగ్గర భూకంపానికి ఒకేసారి చాలా కేబుళ్ళు తెగి, ఆగ్నేయాసియా అంతా నెట్ నత్తనడక నడిచింది. బాగుచెయ్యడానికి వారాలు పట్టింది. 2008 జనవరిలో అలెగ్జాండ్రియా దగ్గర, 2025 సెప్టెంబరులో ఎర్రసముద్రంలో తెగినప్పుడు మనదేశానికీ సెగ తగిలింది. కానీ గమనించండి, అప్పుడు కూడా నెట్ నెమ్మదించిందే గానీ మొత్తం చావలేదు. ఒక దారి మూసుకుపోతే రూటర్లు ఇంకో దారికి మళ్ళిస్తాయి. "గూడూరు దగ్గర వరదొస్తే బ్యాగులు గుంతకల్లు మీంచి తిప్పినట్టు" అన్నారు నాన్న. 2025 అక్టోబరులో గూగుల్ విశాఖపట్నానికి ప్రకటించిన పెద్ద ప్రాజెక్టులో సముద్ర కేబుళ్ళు అక్కడ ఒడ్డెక్కే ఏర్పాటు కూడా ఉంది. అది పూర్తయితే మన తీరానికీ ఓ దారి వస్తుంది.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, మూడు వేల పైచిలుకు కిలోమీటర్ల సముద్రానికి ఇన్ని ప్రత్యామ్నాయాలున్నాయి. వీధి స్తంభం నుంచి నాన్న గదిదాకా ఉన్న వంద గజాలకి ఒకటే తీగ, ఒకటే డబ్బా, ఒకటే అడాప్టరు. మొత్తం దారిలో అతి బలహీనమైన ముక్క అదే. అక్కడే మన జాగ్రత్త ఉండాలి.

అమ్మ పోయాక ఇంట్లో కెమెరా పెట్టిస్తానన్నాను. నాన్న ఒప్పుకోలేదు. "నేనేమన్నా బ్యాంకు లాకరునా? పంచె సర్దుకోవాలన్నా నీకు కనబడాలా?" అన్నారు. కాసేపాగి, "తీగని కనిపెట్టుకుని ఉండు, నన్ను కాదు" అన్నారు. ఆ మాట నాకు న్యాయంగా తోచింది. తీగనే కనిపెట్టుకుని ఉండే ఉపాయం ఆలోచించాను.

పింగ్ అని ఒక పాత పనిముట్టుంది. 1983 డిసెంబరులో మైక్ మూస్ అనే ఆయన ఒక్క రాత్రిలో రాశాడు. అవతలి యంత్రాన్ని "ఉన్నావా?" అని అడుగుతుంది, అది "ఉన్నా" అంటుంది, ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో చెప్తుంది. అంతే దాని పని. నేనిక్కడినుంచి మా ఇంటిని "ఉన్నావా?" అని అడుగుదామంటే కేరాఫ్‌కి కేరాఫ్ అడ్డం. అందుకని తిరగేశాను. అగ్గిపెట్టెకన్నా కొంచెం పెద్దదైన రాస్ప్‌బెర్రీ పై కంప్యూటరొకటి కొని రూటరు వెనక తగిలించాను. అది ఐదు నిమిషాలకోసారి సింగపూర్లో నేను అద్దెకు తీసుకున్న సర్వరుకి "ఇల్లు ఉంది" అని ఓ చిన్న ఉత్తరం రాస్తుంది. పంపేముందు మూడు ప్రశ్నలేసుకుంటుంది: రూటరు పలికిందా? ఆపరేటరు గేటు పలికిందా? బయట పెద్ద సర్వరేదైనా పలికిందా? నాన్న ఫోను వైఫైలో ఉందో లేదో కూడా రాయమన్నాను, ఆయన అనుమతితోనే. తెల్లడబ్బానీ, రూటర్నీ, దీన్నీ ఇన్వర్టర్ లైన్లో పెట్టాం. మూడు ఉత్తరాలు వరసగా రాకపోతే నా ఫోను మోగుతుంది.

గత ఏడాది వర్షాకాలంలో ఓ సాయంత్రం ఉత్తరాలు ఆగిపోయాయి. నాన్న ఫోను "అందుబాటులో లేదు". ఆఖరి ఉత్తరం దాకా అన్నీ బావున్నాయి, తర్వాత ఒక్కసారిగా మొత్తం ఆగింది. ఇది తీగ నిశ్శబ్దం. గంట తర్వాత నాన్న వరండాలోంచి చేశారు: "రోడ్డు వెడల్పు చేస్తూ జేసీబీ వాడు ఫైబర్ పీకేశాడు. నువ్వు కంగారుపడ్డావా?" లేదన్నాను. నిజంగానే పడలేదు.

రెండు నెలల తర్వాత ఇంకో సాయంత్రం. ఎనిమిదికి చేశాను, ఎత్తలేదు. ఎనిమిదీ ఐదుకి, ఎనిమిదీ పదికి, ఎత్తలేదు. సర్వరు చూశాను. ఐదు నిమిషాలకోసారి ఉత్తరాలు ఠంచనుగా వస్తున్నాయి. రూటరు పలుకుతోంది, గేటు పలుకుతోంది, ఫోను వైఫైలోనే ఉంది. తీగ ఏ లోపం లేకుండా ఉంది, అందుకే నాకు కాళ్ళు వణికాయి. పక్కింటి అత్తయ్యగారికి ఫోన్ చేశాను. ఆవిడ దగ్గర తాళం చెవి ఒకటుంది. వెళ్ళి చూస్తే నాన్న పడక్కుర్చీలో చెమటలు కారుతూ, మాట తడబడుతూ ఉన్నారట. మధ్యాహ్నం సరిగా తినకుండా షుగరు మాత్ర వేసుకున్నారు. ఆవిడ పంచదార నీళ్ళు తాగించి, వాళ్ళబ్బాయి చేత తణుకు ఆసుపత్రికి తీసుకెళ్ళించారు. రాత్రికి కోలుకుని ఇంటికొచ్చేశారు.

చేసిందంతా అత్తయ్యగారు. నా అగ్గిపెట్టె చేసిందల్లా ఒకటే. "నెట్ పోయి ఉంటుందిలే, రేపు చూద్దాం" అని నాకు నేను చెప్పుకోవడానికి వీల్లేకుండా చేసింది.

మీలో చాలామందికి ఇలాంటి ఇల్లు ఒకటి ఉండే ఉంటుంది. అందరూ రాస్ప్‌బెర్రీ పై పెట్టుకోనక్కర్లేదు. వచ్చేసారి ఊరెళ్ళినప్పుడు ఈ నాలుగు పనులు చెయ్యండి. తెల్లడబ్బా, రూటరు రెండూ ఇన్వర్టర్ మీదున్నాయో లేదో చూడండి, ఒక అడాప్టరు అదనంగా కొని సొరుగులో పెట్టండి. ఏ దీపం దేనికో తెలుగులో రాసి డబ్బా పక్కన గోడకి అంటించండి. పడగ్గదిదాకా వైఫై వస్తోందో లేదో తలుపులన్నీ వేసి చూడండి. పక్కింటివాళ్ళకి ఓ తాళం చెవి ఇచ్చి, వాళ్ళ నంబరు మీ ఫోన్లో, ఇంట్లో ఇంకొకరి ఫోన్లో కూడా రాసిపెట్టుకోండి.

దీపాల చీటీ రాసేటప్పుడు అక్షరాలు పెద్దవిగా రాయండి. మా నాన్న చీటీలో మొదటి వాక్యం ఆయనే చెప్పి రాయించారు: "ఎర్రదీపం కొట్టుకుంటే, బండి ఔటర్లో ఉంది. వరండాలోకి వెళ్ళి అబ్బాయికి చెప్పాలి."